ఓల్డ్ సాన్ హువాన్ గైడ్ లేకుండా ఒక్క రోజు: అమ్మ, బాపులతో ఎట్లా నడవాలి?

నయీంనగర్ పిల్ల

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. ఏడేళ్ల నుంచి అమెరికాలోని షార్లెట్‌లో ఉంటున్నాం. అమ్మ, బాపు నవంబర్‌లో వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి చలికి బాపు గడప దాటడం లేదు. పొద్దున లేస్తే కిటికీ దగ్గర నిలబడి "ఇదేం ఊరే, మనిషే కనవడడు" అంటున్నాడు. ఆ మాట వినీ వినీ మా ఆయన జనవరి మూడో వారం లాంగ్ వీకెండ్‌కు పోర్టో రికో టికెట్లు చూశాడు. ఇంకా బుక్ చేయలేదు, కార్ట్‌లో ఉన్నాయి.

బీచ్ మాకు, పిల్లలకు. బాపుకు మాత్రం రాజధాని సాన్ హువాన్‌లో కోటగోడల మధ్య ఉన్న పాత ఊరు, ఓల్డ్ సాన్ హువాన్ కావాలి. ఆయన పరకాల దగ్గర సోషల్ టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ముప్పై ఏళ్లు ప్రతి సంవత్సరం పిల్లలను బస్సెక్కించి ఖిలా వరంగల్, రామప్ప తిప్పిన మనిషి. గైడ్‌ను మాట్లాడదామంటే మొహం ముడుచుకున్నాడు. "నేను గైడును. నాకు గైడేంది?" ఇదీ ఆయన జవాబు. నిజానికి నేను చూసిన గైడ్ టూర్లలో కూడా అందరినీ గుంపుగా రెండు గంటల్లో పరిగెత్తిస్తున్నారు, అది అమ్మ వల్ల కాదు. అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులే. చదునుగా ఉంటే నెమ్మదిగా ఎంతసేపైనా నడుస్తుంది, మెట్లంటే మాత్రం కూర్చుండిపోతుంది.

అందుకే అడుగుతున్నా. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి? ఎక్కడ మెట్లు తప్పవు? అమ్మ గుడ్డు కూడా ముట్టదు, ఏం తినాలి? వాళ్లు విజిటర్ వీసా మీద ఉన్నారు, కాగితాలు ఏమైనా వేరే కావాలా?

బాపు ప్రశ్న ఒకటి ఉంది, తప్పకుండా రాయమన్నాడు: "ఆ కోట లోపట ఇంకా జనం ఉంటున్నరా, లేక టికెట్ పెట్టి ఖాళీ చేయించిన్రా?"

మట్టికోట

చెల్లె, ముందు ఆ కార్ట్ ఖాళీ చెయ్యి. జనవరి మూడో వారం అంటే సరిగ్గా సాన్ సెబాస్టియన్ వీధి పండుగ పడుతుంది. నాలుగు రోజులు ఆ చిన్న ఊరిలో ఇసుకేస్తే రాలనంత జనం. కార్లను లోపలికి రానివ్వరు. అర్ధరాత్రి దాకా డప్పులు, పాటలు. అమ్మవారు గద్దెకు వచ్చే రోజు మేడారంలో నిలబడి ఉంటే నీకు అర్థమవుతుంది. మాకైతే ఇష్టమే, మోకాళ్ల నొప్పులున్న తల్లిని తీసుకుపోయే రోజు మాత్రం కాదు. ఫిబ్రవరిలో ఇంకో లాంగ్ వీకెండ్ ఉంది కదా, దానికి మార్చు. గాలి కూడా బాగుంటుంది. గాలి సంగతి ఎందుకన్నానో కింద చెప్తా.

ఇక బాపు ప్రశ్న. ఉంటున్నారు అని చెప్పు. నేను ఖిలా వరంగల్‌లో పుట్టినోణ్ని, మా ఇంటికీ రాతికోట గోడకూ మధ్య ఒక మక్కచేను, అంతే. నేను కూడా అక్కడికి పోగానే మొదట చూసింది అదే. బాల్కనీల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక ముసలాయన బనియన్‌తోనే వీధిలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇంకా చెప్పాలంటే, 1540 నాటికి కట్టిన లా ఫోర్టలేసా అనే కోటలో ఇప్పటికీ గవర్నర్ కాపురం ఉంటారు. మన కోటలోని ఖుష్ మహల్‌లో కలెక్టర్ కాపురం ఉంటే ఎట్లుంటదో ఊహించుకోమను.

మీ బాపుకు గైడ్ అక్కర్లేదన్న మాట నిజమే. ఆ ఊరికి గోడే గైడు. మ్యాప్ కూడా జేబులో పెట్టుకొని గోడ పట్టుకొని పోతే చాలు. ఏ దర్వాజ ఎందుకు అక్కడుందో, ఏ వీధి ఎందుకు అటు వంగిందో దానంతట అదే తెలిసిపోతుంది. మన కోటలో పెరిగినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు.

పొద్దున గేటు తెరిచే వేళకు క్యాబ్‌లో నేరుగా ఎల్ మోర్రో కోట మైదానం దగ్గర దిగండి. ఊరిలో ఎత్తైన చోట్లలో అదొకటి, అక్కడి నుంచి మొదలుపెడితే తర్వాత దారి చాలావరకు దిగుడే. మేము పోయినప్పుడు టికెట్ మనిషికి 10 డాలర్లు. ఆ టికెట్ మీదే 24 గంటల లోపు రెండో కోట సాన్ క్రిస్టోబల్ కూడా చూడొచ్చు. 15 ఏళ్ల దాకా పిల్లలకు టికెట్ లేదు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదీ చెల్లుతుంది.

క్యాబ్ దిగిన చోటు నుంచి కోట దర్వాజ దాకా పెద్ద పచ్చిక మైదానం, దాదాపు అర కిలోమీటరు. బండ్లు పోనివ్వరు. ఒక్క చెట్టు లేదు. మా అమ్మ "ఇంత జాగల ఒక్క యాపచెట్టు పెట్టొద్దా" అని తిట్టింది. చెట్లు లేకపోవడానికి కారణం ఉంది. వచ్చే శత్రువుకు చాటు దొరకకూడదు, ఫిరంగికి అడ్డం ఉండకూడదు. ఇప్పుడక్కడ శత్రువుల బదులు పతంగులు ఎగరేసే పిల్లలు ఉంటారు. గాలి అన్నది ఇందుకే. ఫిబ్రవరిలో సముద్రం మీది నుంచి గాలి ఎంత గట్టిగా వస్తుందంటే, పతంగి ఎగరేయాల్సిన పని లేదు, వదిలితే చాలు. మా ఊళ్లో సంక్రాంతికి డాబాల మీద ఎంత తంటాలు పడేవాళ్లమో గుర్తొచ్చి నాకు కొంచెం కుళ్లు పుట్టింది. అక్కడే అమ్ముతారు, పిల్లలకు ఒకటి కొనివ్వు.

ఎల్ మోర్రో పని 1539లో మొదలైంది. ఆరు అంతస్తులు, పైనుంచి సముద్రానికి 140 అడుగుల దాకా ఉంటుంది. అయితే మనం కింది నుంచి ఎక్కం, పై నుంచి కిందికి దిగుతాం. కాబట్టి అమ్మ పై భాగంలోనే గోడ పక్కన కూర్చొని సముద్రం చూడొచ్చు, పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు. మూలమూలకు గోడ అంచు మీద గుండ్రటి చిన్న కాపలా గూళ్లు ఉంటాయి, గరీటా అంటారు. ఒక మనిషి నిలబడితే నిండిపోతుంది. లోపల దూరి చూశాను. తడి సున్నం వాసన, మూడు వైపులా సన్నటి చీలికలు, ఒక్కో చీలికలో నిలువుగా ఒక ముక్క సముద్రం. మన కాకతీయ తోరణం తెలంగాణ ప్రభుత్వ ముద్ర మీదికి ఎక్కినట్టే, అక్కడ ఈ గరీటా బండ్ల నంబర్ ప్లేట్ల మీదికి ఎక్కింది.

బాపు కోసం ఇది కొంచెం వివరంగా రాస్తున్నా. 1595లో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలు వేసుకొని వచ్చాడు. ఎల్ మోర్రో ఫిరంగులు కొట్టిన దెబ్బకు వెనక్కి పోయాడు. మూడేళ్లకే 1598లో ఇంకో ఇంగ్లండు ప్రభువు జార్జ్ క్లిఫర్డ్ వచ్చాడు. ఈయన తెలివైనవాడు. కోట మూతి సముద్రం వైపు ఉంది కదా, అందుకని తూర్పున దిగి నేల మీది నుంచి వెనక పాటున వచ్చాడు. కోట చిక్కింది. కానీ సైన్యానికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి, కొన్ని వారాలకు వదిలేసి పోవాల్సి వచ్చింది. మళ్లీ 1625లో డచ్చివాళ్లు వచ్చి ఊరిని పట్టుకున్నారు. ఎల్ మోర్రో మాత్రం లొంగలేదు, దాంతో పోతూ పోతూ ఊరికి నిప్పు పెట్టారు. ఇన్ని దెబ్బలు తిన్నాక స్పెయిన్ వాళ్లకు బుద్ధి వచ్చింది. 1634లో నేల వైపున సాన్ క్రిస్టోబల్ మొదలుపెట్టారు, ఊరు చుట్టూ గోడ లేపారు. ఇది తెలిస్తే ఊరంతా అర్థమైనట్టే: ఒక కోట నీటి వైపు చూస్తుంది, ఇంకోటి నేల వైపు చూస్తుంది, మధ్యలో ఊరు.

ఎల్ మోర్రో నుంచి బయటికి వచ్చి గోడ కుడిచేతి వైపు ఉంచుకొని దక్షిణానికి దిగండి. దారిలో ఒక చిన్న చౌరస్తాలో కంచు విగ్రహాలు కనిపిస్తాయి. బిషప్, చేతుల్లో కాగడాలతో ముగ్గురు ఆడవాళ్లు. 1797లో ఇంగ్లీషు సైన్యం ఊరిని ముట్టడిస్తే రాత్రిపూట ఆడవాళ్లంతా కాగడాలు పట్టుకొని దేవుణ్ని మొక్కుతూ ఊరేగారట, ఆ వెలుగు చూసి కొత్త సైన్యం వచ్చిందనుకొని శత్రువు పారిపోయాడట. కథే. కానీ ముట్టడి నిజం, ఇంగ్లీషు సైన్యం పోయిందీ నిజం.

ఇంకొంచెం దిగితే సాన్ హువాన్ దర్వాజ. ఎర్ర రంగు వేసిన పెద్ద తలుపులు. గోడ మందం చూడాలంటే ఇదే చోటు, తలుపు దాటడం కాదు, ఒక గదిలో నుంచి నడిచినట్టుంటుంది. ఓడ దిగిన గవర్నర్లు, బిషప్పులు ఇదే దర్వాజలో నుంచి వచ్చి, ఎదురుగా ఉన్న వీధి ఎక్కి, ముందు కెథీడ్రల్‌కు పోయి దేవుడికి దండం పెట్టుకునేవారు. అందుకని మీరు కూడా ఒకసారి బయట సముద్రం దాకా పోయి, వెనక్కి తిరిగి, వాళ్లలాగే లోపలికి రండి.

కానీ ఆగు, ఇక్కడే నేను చేసిన వెధవపని చెప్పాలి. దర్వాజ బయటికి వచ్చాక కుడివైపు గోడ కిందుగా, నీళ్ల పక్కన చక్కటి బాట ఉంది. మ్యాప్‌లో అది ఎల్ మోర్రో కిందికే పోతుంది. చివర మెట్లు ఉంటాయి, పైకెక్కి అక్కడ క్యాబ్ పట్టొచ్చు అనుకున్నా. అమ్మను నడిపించుకుంటూ పోయా. నీడ లేదు. గోడ మీద మూరెడు పొడవున్న ఇగ్వానాలు ఎండ కాచుకుంటున్నాయి, మా అమ్మ "ఉడుమురా" అని వెనక్కి తగ్గింది. పిల్లులైతే లెక్కే లేదు. చివరిదాకా పోయాం. మెట్లు లేవు. పైకి దారే లేదు. శత్రువు ఎక్కొద్దని కట్టిన గోడకు మెట్లెందుకుంటాయి, చెప్పు! మధ్యాహ్నం ఎండలో అంత దూరం వెనక్కి నడిచాం. అమ్మ నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. ఆ రాత్రి హోటల్ గదిలో వేన్నీళ్ల బకెట్ కోసం రిసెప్షన్ వాళ్లను బతిమాలుకున్నా.

కాబట్టి దర్వాజ బయట కుడికి వద్దు. ఎడమకు తిరిగితే ప్రిన్సెసా బాట, చదునుగా, చెట్ల నీడలో, బెంచీలతో ఓడరేవు దాకా తీసుకుపోతుంది. అమ్మ కాళ్లు అప్పటికే నొస్తుంటే అటు పంపించి అక్కడే కూర్చోబెట్టు, మిగతావాళ్లు లోపలికి ఎక్కండి.

లోపలికి వస్తే కెథీడ్రల్ దాకా చిన్న ఎక్కుడు. పోర్టో రికోలో స్పెయిన్ వాళ్ల మొదటి ఊరిని పెట్టిన హువాన్ పోన్సే దె లియోన్ సమాధి అందులో ఉంది, పాలరాతిది. ఆయన 1508లో ఆ ఊరు పెట్టింది ఇక్కడ కాదు, వేరే చోట. దోమలు, బురద. 1521 నాటికి జనం ఇప్పుడు ఈ పాత ఊరున్న చిన్న దీవి మీదికి మారారు. అక్కడి నుంచి క్రిస్తో వీధి వెంట దక్షిణానికి పోతే వీధి చివర చిన్న గుడి లాంటి ప్రార్థన మందిరం, పక్కనే పావురాల పార్కు. ఇవి త్వరగా చూసి ముగించొచ్చు. పావురాలు మనకు కొత్తా? వేయిస్తంభాల గుడిలో చూడనివా?

కాళ్ల కింది రాళ్లను మాత్రం చూడమను. నీలంగా, ఇటుకంత సైజులో, అద్దంలా మెరుస్తుంటాయి. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెంతో పోసినవి. ఫెళ్లున ఎండ ఉండగానే అయిదు నిమిషాల వాన పడి పోతుంది, అప్పుడు ఆ నీలం ఇంకా తేలుతుంది. అప్పుడే జారుతాయి కూడా. అమ్మకు రబ్బరు చెప్పులు వద్దు, బూట్లు వేయించు, సిగ్గుపడ్డా సరే.

కాజీపేట జంక్షన్

కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. పోర్టో రికో అమెరికా భూభాగమే, షార్లెట్ నుంచి పోతే డొమెస్టిక్ ఫ్లైట్. వేరే వీసా అక్కర్లేదు. అమ్మ, బాపుల పాస్‌పోర్టులు తప్పకుండా పెట్టుకోండి, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) ప్రింట్ కూడా ఉంటే మంచిది. ఖర్చు డాలర్లలోనే. అక్కడి నుంచి పక్క దేశాలకు పోయే క్రూజ్ మాత్రం అప్పటికప్పుడు బుక్ చేయకండి. అమెరికా దాటి పోయి మళ్లీ రావడం వేరే కథ.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో సామాను చెకిన్ చేసే ముందే వ్యవసాయ శాఖ వాళ్లు స్కాన్ చేస్తారు. మామిడికాయలు, మొక్కలు తేవద్దు. మా అత్తమ్మ రోడ్డు పక్కన ఏరిన మామిడికాయ ఒకటి కొంగుకు కట్టుకొని వచ్చి, అక్కడ వదిలిపెట్టాల్సి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఊరగాయ కాదు, పచ్చి కాయ గురించి అంటున్నా.

తిండి విషయంలో జాగ్రత్త. "మాంసం వద్దు" అంటే వాళ్ల లెక్కలో పంది ముక్కలు, కోడి వద్దని కాదు. హామ్ వద్దు, చికెన్ వద్దు, చేప వద్దు అని ఒక్కొక్కటి చెప్పాలి. మోఫోంగో అని పచ్చి అరటికాయను వేయించి, వెల్లుల్లి వేసి రోట్లో దంచి ముద్ద చేస్తారు. మామూలుగా అందులో పంది తోలు వేస్తారు, వేయకుండా చెయ్యమంటే చాలా చోట్ల చేస్తారు. తోస్తోనెస్ అంటే రెండుసార్లు వేయించిన అరటికాయ బిళ్లలు, ఇందులో మాంసం ముక్కలు వేయరు. వీధి బండ్ల మీద పిరాగువా అని ఐసు గోలా అమ్ముతారు, అందులో చింతపండు రుచి అడగండి.

అసలు సంగతి అన్నం. అక్కడి పండుగ వంటకం "అర్రోస్ కోన్ గాందూలెస్". గాందూలెస్ అంటే ఏంటో తెలుసా? కందులు! పేరు కలవడం కాకతాళీయమా, ఏదైనా చుట్టరికమా అన్నది పండితులకు వదిలేద్దాం, గింజ మాత్రం అచ్చంగా మన కందే. పచ్చి కందికాయ ఒలిచి అన్నంలో వేసి వండుతారు. హామ్ వేస్తారు కాబట్టి అడిగి తినాలి.

మాజీ డీఈ, పోచమ్మమైదాన్

అమ్మా, ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పని చేసి రిటైర్ అయ్యాను. మా అబ్బాయి పోయినేడు తీసుకుపోయాడు. పైన కోటవాడు రాసిన దారి బాగుంది గానీ, సాన్ క్రిస్టోబల్‌ను ఒక్క ముక్కలో తేల్చేశాడు. స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండాల్లో కట్టిన కోటల్లో అన్నిటికంటే పెద్దది అది, 27 ఎకరాలు. మీ నాన్నగారు టీచరు అన్నారు కాబట్టి అక్కడ ఎక్కువసేపు గడపమనండి. మధ్యలో చదునైన పెద్ద ప్రాంగణం ఉంటుంది. చూసేవాళ్లంతా ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగి పోతారు. అసలు పనితనం కాళ్ల కింద ఉంది.

ఆ ప్రాంగణం కింద అయిదు సంపులు కట్టారు. ఒక్కొక్కటి 57 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు. అక్కడే నిలబడి లెక్క వేశాను. అయిదింటిలో కలిపి దాదాపు 33 లక్షల లీటర్లు. మన ఎండాకాలం 12 వేల లీటర్ల ట్యాంకర్లయితే 275 ట్యాంకర్లన్నమాట. కోటలో ఏరు లేదు, పై కప్పుల మీద, ప్రాంగణంలో పడిన వాన చుక్కే దిక్కు. అందుకని నేలను ఆ వాలుకు పరిచారు. ముట్టడిలో మందుగుండు అయిపోతే కొన్నాళ్లు తలుపులు మూసుకొని కూర్చోవచ్చు, నీళ్లు అయిపోతే కూర్చోలేరు. గణపతిదేవుడు పాకాల చెరువు కట్టించిన దేశం నుంచి పోయిన మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. నేను తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని వెతుకుతుంటే మా అబ్బాయి "నాన్నా, ఇక్కడ కూడా ఇన్‌స్పెక్షనా" అన్నాడు.

కింద సొరంగాలున్నాయి, తల వంచి నడవాల్సిన చోట్లు ఉన్నాయి. ఒక చీకటి కొట్టులో గోడ మీద ఎవరో ఖైదీ గీసిన ఓడల బొమ్మలు ఉన్నాయి. తెరచాపల తాళ్లు కూడా ఒక్కొక్కటే గీశాడు. ఓడ మీద బతికిన మనిషే గీసి ఉండాలి.

ఇంకొక మాట. మన వాళ్లకు కోట కనిపిస్తే రాజు గుర్తొస్తాడు. ఆ రాళ్లు మోసినవాళ్లలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, శిక్ష పడ్డ ఖైదీలు ఉన్నారు. పోర్టో రికోలో బానిసత్వం పోయింది 1873లో. ఉత్తరం గోడ బయట, సముద్రం అంచున లా పెర్లా అనే వాడ కనిపిస్తుంది. కసాయి పనులు, స్మశానం, బానిసత్వం నుంచి విడుదలైన వాళ్ల ఇళ్లు, అన్నీ గోడ అవతలే ఉంచారు. మన ఊళ్లలో వెలి ఎక్కడ ఉంటుందో తెలిసిన వాళ్లకు వివరించాల్సిన పని లేదు. మీ నాన్నగారు పిల్లలకు చెప్పాల్సి వస్తే ఇది కూడా చెప్పమనండి.

నయీంనగర్ పిల్ల

అన్నా, సార్, అందరికీ చాలా థ్యాంక్స్. ఫిబ్రవరికి మార్చాం. ఒక్క డౌటు. సాన్ క్రిస్టోబల్ మధ్యాహ్నం అంటే అప్పటికి అమ్మకు ఓపిక ఉంటుందా? ఎల్ మోర్రో నుంచి అక్కడికి పై వీధి వెంట ఒక మైలే చూపిస్తోంది.

మట్టికోట

మైలే, కానీ ఆ పై వీధికి సముద్రం వైపు నీడ లేదు. నడవొద్దు. టికెట్ 24 గంటలు చెల్లుతుంది కదా, మొదటి రోజు మధ్యాహ్నం ఎల్ మోర్రో, మర్నాడు పొద్దున సాన్ క్రిస్టోబల్ పెట్టుకో. అప్పుడు ఒక్క రోజు దారి రెండు సగం రోజులవుతుంది, అమ్మ మధ్యలో పడుకుంటుంది. నేను కూడా అట్లా చేసి ఉండాల్సింది. డీఈ సారు సంపుల గురించి చెప్పింది నిజం, నేను ఫిరంగి దగ్గర ఫొటో దిగిన బ్యాచ్.

నయీంనగర్ పిల్ల

పోయొచ్చాం! నిన్న రాత్రే దిగాం. మీకు చెప్పకపోతే బాపు ఊరుకోడు.

అన్న చెప్పినట్టే రెండు సగం రోజులు చేశాం. ఎల్ మోర్రో మైదానంలో బాపు పిల్లల కంటే ముందు పతంగి పట్టుకున్నాడు. గాలికి టోపీ ఎగిరి అగడ్తలో పడింది. పోతే పోనీ అన్నా వినడే. అక్కడి రేంజర్ ఒకామెకు తెలుగులో, సైగలతో చెప్పాడు, ఆమె స్పానిష్‌లో ఏదో అంది, ఇద్దరూ నవ్వుకున్నారు. టోపీ రాలేదు. అమ్మ పై భాగంలోనే కూర్చుంది, ఒక గుజరాతీ కుటుంబం పక్కన కూర్చుంటే వాళ్ల థేప్లా, మా సకినాలు మార్చుకున్నారు. ఇద్దరికీ భాష రాదు, గంటసేపు మాట్లాడుకున్నారు.

సాన్ హువాన్ దర్వాజ దగ్గర మాత్రం ముప్పావు గంట పట్టింది. బాపు గోడ మందాన్ని మూరలతో కొలిచాడు. మోచెయ్యి గోడకు ఆనించి, వేలి దగ్గర గుర్తు పెట్టుకొని, మళ్లీ ఆనించి. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఒకాయన ఉంగరమో ఏదో పోయిందనుకొని ఫోన్ టార్చ్ వేసి వెతకడం మొదలుపెట్టాడు. మా ఆయన సిగ్గుతో సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఎన్ని మూరలో మధ్యలో మర్చిపోయి రెండోసారి మొదటి నుంచి కొలిచాడు. ఆ తర్వాత అన్న వద్దన్న కుడివైపు బాటను చూపించి "ఇటు పోదామా" అన్నాడు. నీ కథ చెప్పాను. అయినా పిల్లుల కోసం పిల్లలు వంద అడుగులు పోయి వచ్చారు. ఉడుము కూడా కనిపించింది.

వీధిలో వాన పడ్డది, మీరు చెప్పినట్టే అయిదు నిమిషాలు. రాళ్లు అచ్చం నెమలి మెడలాగా అయ్యాయి. అమ్మ బూట్లు వేసుకుంది, చీర మీద. ఫొటో తీయొద్దని ఒట్టు పెట్టించుకుంది.

డీఈ సార్, మీ సంపుల దగ్గర బాపు నోట్‌బుక్ తీసి కొలతలు రాసుకున్నాడు. మా పెద్దోడిని నిలబెట్టి లీటర్లు లెక్క వేయించాడు, వాడు సున్నా తప్పు చేస్తే మళ్లీ చేయించాడు. ఓడల బొమ్మల దగ్గర మాత్రం ఏం మాట్లాడలేదు. బయటికి వచ్చాక లా పెర్లా వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "వీళ్లకు గోడ అవతల జాగ, మనకు ఊరవతల" అన్నాడు, అంతే.

కంది అన్నం రెండు చోట్ల హామ్ అన్నారు. మూడో చోట వంటామె బయటికి వచ్చి విని, అమ్మ కోసం వేరుగా చిన్న గిన్నెలో హామ్ లేకుండా వండుతానంది, నలభై నిమిషాలు పడుతుందని చెప్పింది. కూర్చున్నాం. అమ్మ ఒక ముద్ద తిని, ఇంకొంచెం ఉప్పు, పచ్చిమిర్చి పడాలె అంది. ఆమెకు తర్జుమా చేయమంటే నేను చాలా బాగుందని చెప్పాను. అమ్మ బ్యాగులో నుంచి ఆవకాయ డబ్బా తీసి ఆమెకు కొంచెం పెట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నీళ్లు తాగింది, మళ్లీ పెట్టమంది.

తిరిగి వచ్చేటప్పుడు సామాను స్కాన్‌లో ఆగింది. నా గుండె ఆగినంత పనైంది, అమ్మ ఏ కాయ కట్టుకొచ్చిందోనని. తీస్తే బాపు బ్యాగులో తడి తగ్గని పతంగి, దారం ఉండ.